ముద్ర చెరిపిన సూదులు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

జగ్గయ్యపేట శివార్లలో పాడుబడ్డ సున్నపురాయి క్వారీ నిప్పుల కొలిమిలా మండుతోంది. తెల్లని రాతిగోడల నడుమ గాలి స్తంభించిపోయింది. దూరాన మరో క్వారీలో బ్లాస్టింగ్ చప్పుడు పిడుగుపాటులా దద్దరిల్లింది...

గోతి అడుగున నల్లపిండితో పోసిన ముగ్గు. ముగ్గు మధ్య నెత్తురు పూసిన కపాలం! దాని ఎదుట క్షుద్రోపాసకుడు రత్తయ్య!

“రా... సూసన్... రా!”

అదే క్షణాన, నందిగామలోని ఇంట్లో సూసన్ ముఖం భగ్గుమంది.

ఆ మంట ఆమెకు పాతదే. చిన్నతనంలో జ్వరంతో ఒళ్లెరగని కూతుర్ని, ఎవరో చెప్పిన మాట నమ్మి తల్లి ఆరోగ్యమ్మ ఆ క్వారీకే, రత్తయ్య దగ్గరికి మోసుకెళ్లింది. “దయ్యం పట్టింది!” అంటూ వాడు ఎముక మేకుతో ఆ పసిముఖాన గాట్లు పెట్టాడు. గాట్లు మానాయి. గుంటలు పడ్డ మచ్చలు మిగిలాయి. ఒక్కో మచ్చా ఆ పాపిష్టివాడు వేసిన ముద్ర... వాడు వశం చేసుకున్న ప్రేతం ఆమెలోకి దిగే వాకిలి! ప్రతి అమావాస్యకూ ఆమె నోట వాడి మాట పలికేది. తెలివొచ్చేసరికి గోళ్ల నిండా మట్టి, నోట్లో బూడిద రుచి...

టీచరు ఉద్యోగం వచ్చాక సూసన్ ఎదురు తిరిగింది. నందిగామలోనే చర్మవైద్యురాలు యామినిని కలిసింది.

“మైక్రోనీడిలింగ్ చేద్దామమ్మా. సన్నని సూదులతో మచ్చ మీద చిన్న చిన్న రంధ్రాలు పెడితే, ఒళ్లే కొత్త చర్మం పుట్టించుకుంటుంది,” అంది యామిని. “మచ్చలు తగ్గుతాయి. పూర్తిగా పోతాయని మాత్రం చెప్పను. కంటి కింద చర్మం మరీ పల్చన, అక్కడ పైపైనే చేస్తా.”

“చెయ్యండి మేడమ్. ఆ మేకును ఓర్చుకున్నదాన్ని, ఈ సూదులకు భయపడతానా?”

మత్తు క్రీము... సూదుల మొనలు... కందిపోయిన ముఖం... సిట్టింగ్ తర్వాత సిట్టింగ్. గుంటలు పూడుతూ వచ్చాయి. అక్కడ రత్తయ్య నెత్తురు కక్కుకున్నాడు! అందుకే ఈ అమావాస్యకు వాడు తెగించాడు... ఒకనాడు తనను నమ్మి వచ్చిన ఆ తల్లి మీదికే ప్రేతాన్ని తోలాడు.

“ఒసేయ్!”

మంచం మీద ఆరోగ్యమ్మ గొంతులోంచి మగకంఠం గర్జించింది! ఆమె కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి. “క్వారీకి రా! రాకపోతే నీ తల్లిని మింగేస్తా!”

సూసన్ ఏడవలేదు. పక్కింటి ఫ్లోరెన్స్‌ను కేకేసింది. “ఆంటీ, అమ్మను వదలొద్దు. వాడి సంగతి తేల్చుకొని వస్తా!” ఫ్లోరెన్స్ ఆరోగ్యమ్మ తల మీద చెయ్యి వేసి ప్రార్థన అందుకుంది. సూసన్ జగ్గయ్యపేట బస్సెక్కింది.

క్వారీలో అడుగుపెట్టగానే వికటాట్టహాసం!

“వచ్చావా! ఈసారి దిగిన ప్రేతం ఇక పైకి రాదు. నీ దేహం నాది!”

కపాలం కళ్లలోంచి నల్లని పొగ బుసలు కొడుతూ లేచింది. ఆమె ముఖాన్ని కమ్మింది. కుడి చెంపను తడిమింది... వాకిలి లేదు! ఎడమ చెంప... లేదు! నుదురు... లేదు! దారి దొరకని ప్రేతం ఘోరంగా ఊళపెట్టింది. చివరికి కంటి కింద సన్నని గీత ఒకటి తగిలింది. అది చాలు! పొగ అందులోకి చొచ్చుకుపోయింది!

సూసన్ నేలకూలింది. నాలుక మొద్దుబారింది. వాడి మాట పెదవుల దాకా వచ్చింది... దాన్ని పళ్ల మధ్య కొరికి ఆపింది. వేలు ఆ గీత మీద ఆన్చింది.

“ఇది పోకపోయినా పర్లేదురా! ముఖం నాది... మచ్చా నాది! నీకిందులో చోటు లేదు... ఫో!”

పొగ విదిలించినట్టు బయటపడింది. గురి తప్పిన ప్రయోగానికి ఒకటే గతి... పంపినవాడి మీదికే!

“ఆగు! నేను నీ యజమానిని!” రత్తయ్య వెనక్కి పాకాడు.

పొగ వేయి మొనలై చీలి వాడి ముఖంలో దిగబడింది. ప్రతి రంధ్రంలోంచీ నల్లని నెత్తురు! ఆర్తనాదం రాతిగోడలను కోసింది. కపాలం ఫెటిల్లున పగిలింది. రత్తయ్య నిలువునా బూడిదై రాలిపోయాడు!

సూసన్ చాలాసేపు రాతికి ఆనుకొని ఊపిరి తీసుకుంది. ఫోన్ మోగింది.

“అమ్మాయ్, ఎక్కడికి పోయావే?” ఈసారి అది ఆరోగ్యమ్మ సొంత గొంతే. “నాకేమైందే? ఫ్లోరెన్స్ ఎందుకేడుస్తోంది?”

“ఏం కాలేదమ్మా. వాడు పోయాడు. వస్తున్నా... అన్నం వండు, ఆకలేస్తోంది.”