పావుగంట చీకటి

నారాయణఖేడ్ బస్ డిపో ఎదురు సందులో నాది చిన్న కంప్యూటర్ రిపేరు దుకాణం. ఆ శుక్రవారం పొద్దున వీరప్ప తన మోపెడ్ మీద ఒక సీపీయూని పాత దుప్పట్లో చుట్టి తెచ్చాడు. మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. దుప్పటి విప్పగానే గుర్తుపట్టాను. ఆ సీపీయూ నేను బిగించిందే. పదకొండేళ్ల కింద, బస్వరాజ్ కోసం.

బస్వరాజ్ వీరప్ప తమ్ముడు. నాకు దోస్తు. తహసీల్ ఆఫీసు వెనక వీధిలో ఫోటో స్టూడియో నడిపేవాడు. అప్పటికి ఎనిమిది నెలల కింద, ముప్పై తొమ్మిదేళ్లకే గుండె ఆగి పోయాడు. పొద్దున్నే స్టూడియో తెరిచి, ఇదే కంప్యూటర్ ఆన్ చేసి, అది మొదలయ్యేలోపే కుర్చీలో కన్ను మూశాడు. ఆ తర్వాత ఆయన భార్య నర్మద స్టూడియో చూసుకునేది. వెనక గదిలోనే ఉండేది.

"గిది ఆన్ అయ్యేసరికి పావుగంట పడుతుంది తన్వీర్," అన్నాడు వీరప్ప. "ఫోటో దిగనీకి వచ్చినోళ్లు చూసి చూసి లేచిపోతుండ్రు. వాళ్లమ్మకు పాణం బాగలేదని నర్మద సిర్గాపూర్ పోయింది. ఆమె వచ్చేలోపు బాగుచేసి పెడితే ఖుషీ అయితది."

"ఆమెకు చెప్పినవా?"

"చెప్పేదేముంది? మంచి పనే గదా."

మంచి పనే. నేనూ అదే అనుకున్నాను. పాత హార్డ్ డిస్క్ లోపల ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది అరిగిపోతుంది. దాని బదులు ఎస్సెస్డీ పెడితే సరి. అందులో తిరిగేది ఏమీ ఉండదు, చప్పుడు ఉండదు. పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేసి మార్చడమే. బస్వరాజ్‌కు ఎన్నోసార్లు చెప్పాను. నవ్వేవాడు. "గా పావుగంటనే భాయ్ నేను కూసునేది. దాన్ని గుడ తీసేస్తవా?" అనేవాడు.

పది గంటలకు రెండు డిస్కులూ నా బల్ల మీది కంప్యూటర్‌కు కలిపి కాపీ మొదలుపెట్టాను. పాతది అప్పటికే చచ్చేలా ఉంది. కట్... కట్... అని మూలుగుతోంది. ఒంటిగంటకు జుమా నమాజుకు లేచేసరికి డెబ్బై శాతం అయింది. షట్టర్ సగం దించి పోయాను.

తిరిగి వచ్చేసరికి వాన పెద్దదయింది. నడి మధ్యాహ్నమే, కానీ దుకాణంలో మసక చీకటి. రేకుల మీద వాన తప్ప ఇంకే చప్పుడూ లేదు. లైటు వేయకుండానే బల్ల ముందు కూర్చుని టిఫిన్ డబ్బా విప్పాను. ఎవరూ ముట్టకపోవడంతో మానిటర్ ఆరిపోయి నల్లగా ఉంది.

ముందు వాసన వచ్చింది. ముఖానికి రాసుకునే పౌడరు వాసన. బస్వరాజ్ స్టూడియోలో అద్దం దగ్గర ఎప్పుడూ ఒక పౌడరు డబ్బా ఉండేది, పల్లెల నుంచి వచ్చేవాళ్ల కోసం. నా దుకాణంలో ఆ వాసన ఎందుకొస్తుంది? తల ఎత్తాను.

నల్లటి మానిటర్‌లో నా ముఖం కనిపించింది. నా వెనక, గిరాకీ కూర్చునే స్టూలు కనిపించింది.

స్టూలు మీద ఎవరో ఉన్నారు.

చటుక్కున వెనక్కి తిరిగాను. ఖాళీ స్టూలు. సగం దించిన షట్టర్. దాని కింద వాన నీళ్లు పారుతున్నాయి. మళ్లీ మానిటర్ వైపు తిరిగాను...

ఉన్నాడు. తల ఒక భుజం మీదికి వాలి ఉంది. గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. ముఖం కనిపించడం లేదు. ఆ నీలం గళ్ల చొక్కా మాత్రం నాకు తెలుసు. కడసారి చూపుకు పోయినప్పుడు నేను చూసిన చొక్కా అది.

పాత డిస్క్... కట్... అంది.

అతని భుజాలు అదిరాయి.

కట్...

చేయి మెల్లగా పైకి లేచి ఛాతీని పట్టుకుంది.

అప్పుడు నాకు అర్థమైంది. డిస్క్ కొట్టుకున్నప్పుడల్లా అతనికి నొప్పి వస్తోంది. వైరు లాగేద్దామని చేయి చాచాను. నడుమ ఆపితే పదకొండేళ్ల ఫోటోలు పోతాయి. నర్మద పెళ్లి ఫోటోలు కూడా అందులోనే ఉన్నాయి. చేయి గాలిలోనే ఆగిపోయింది. లాగలేదు. ఈరోజుకూ ఆ చేయిని నేను క్షమించలేకపోతున్నాను.

కట్... కట్... కట్...

ఆ తర్వాత చప్పుడు లేదు. పళ్లెం తిరగడం ఆగిపోయింది. పౌడరు వాసన ఎవరో తీసుకుపోయినట్టు మాయమైంది. మౌస్ కదిపాను. మానిటర్ వెలిగింది. వంద శాతం, కాపీ పూర్తయింది అని ఉంది.

సాయంత్రం స్టూడియోకు పోయి బిగించి ఇచ్చాను. తొమ్మిది సెకన్లలో ఆన్ అయింది. వీరప్ప నా భుజం తట్టాడు. మధ్యాహ్నం చూసింది అతనికి చెప్పకుండానే వచ్చేశాను.

సోమవారం నాడు నర్మద షేర్ ఆటో దిగింది. సీపీయూను ఒళ్లో పెట్టుకుని తెచ్చింది, చంటిపిల్లను తెచ్చినట్టు.

"అన్నా, పాతది పెట్టు."

"ఏమైంది చెల్లె? నడుస్తలేదా?"

"మంచిగ నడుస్తుంది. ఒకటి నుంచి తొమ్మిది దాక లెక్కపెట్టేలోపు అయిపోతుంది." సీపీయూను నా బల్ల మీద పెట్టింది. "నాకు గది వద్దన్నా. నా పాతది నాకియ్యి."

కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. గ్లాసు పట్టుకుంది, తాగలేదు. తర్వాత నేల చూస్తూ చెప్పింది.

"ఆ దినం నేను చాయ్ తెచ్చేసరికి తల పక్కకు వాల్చి కండ్లు మూసుకున్నడు. ముందటి దినం మనూర్‌ల పెండ్లి ఫోటోలు తీసి తెల్లారగట్ల వచ్చిండు గదా, నిద్రవట్టింది అనుకున్న. సిస్టం ఆన్ అయ్యేదాక పండనీ, లేపద్దు అనుకున్న. చాయ్ మీద మూత పెట్టి పక్కనే కూసున్న. పావుగంట... పక్కనే ఉన్న అన్నా. చెయ్యి ఏస్తే తెల్సేది. దవాఖానల డాక్టర్ ఏమన్నడో ఎరుకనా? జర ముందుగాల తెస్తే బతికేటోడన్నడు."

ఆమె చేతిలోని గ్లాసు తీసి బల్ల మీద పెట్టాను.

"దినాలన్నీ అయినంక దుకాణం తెరిచిన. సిస్టం ఆన్ చేసి కూసున్న. నల్లటి స్క్రీన్‌ల నా ఎనక కూసోని కనిపించిండు. దినాం కనిపిస్తుండె. లెవ్వు, లెవ్వు అని చెప్పుకుంట కూసునేదాన్ని. జవాబియ్యడు. తలకాయ ఎత్తడు. కానీ పావుగంట నాతోని ఉండేటోడు."

నేను చెప్పక తప్పలేదు. పాత డిస్క్ చనిపోయిందని, ఇక ఎవరూ దాన్ని తిప్పలేరని చెప్పాను.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను.

"అంటే... మళ్ల పోయిండా అన్నా? ఈసారి గుడ నేను చెయ్యి ఏయకముందే పోయిండా?"

ఆ మాటను నేను తట్టుకోలేకపోయాను. అందుకే ఆ పని చేశాను. కంప్యూటర్ ఆన్ కాగానే పావుగంట సేపు స్క్రీన్‌ను నల్లగా ఉంచే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి, దాంట్లో పెట్టాను. పావుగంట చీకటి, అంతే. వట్టి చీకటి చూస్తూ కూర్చుని ఏడ్చుకుంటుంది, మెల్లమెల్లగా మనసు తేలికవుతుంది అనుకున్నాను.

మూడో రోజు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఆ గొంతులో సంతోషం ఉంది.

"వచ్చిండన్నా. ఈసారి తలకాయ ఎత్తి కూసున్నడు."

రెండు వారాల తర్వాత వీరప్ప దుకాణానికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. "పదకొండు దాటినా షట్టర్ తీస్తలేదు తన్వీర్. లోపట ఒక్కతే మాట్లాడుకుంటుంది. బువ్వ తింటలేదు. మా ఇంట్ల అందరు పరేషాన్ అయితుండ్రు. నువ్వు బాగుచేసినవా, ఖరాబు చేసినవా?"

మరునాడు పొద్దున ఎనిమిదిన్నరకు పోయాను. నేను పిలిస్తే నర్మద షట్టర్ మూరెడు ఎత్తి, నేను దూరగానే మళ్లీ దించేసింది. లోపల ఆకాశం బొమ్మ ఉన్న పరదా, దాని ముందు లైట్ల గొడుగు, బల్ల మీద నల్లగా మానిటర్. ఆమె పోయి కుర్చీలో కూర్చుంది. చిక్కిపోయింది. జడలో కొత్తగా పూలు పెట్టుకుంది.

"సప్పుడు చేయకన్నా," గుసగుసగా అంది. "వస్తుండు."

ఆమె వెనక, నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. మానిటర్‌లో ఆమె ఉంది. నేను ఉన్నాను. మా ఇద్దరి నడుమ...

నీలం గళ్ల చొక్కా. అదే మీసం. అదే పాపిడి. ఆమె కుర్చీ వెనక నిటారుగా నిలబడి, రెండు చేతులూ ఆమె భుజాల మీద వేశాడు. నర్మద కళ్లు మూసుకుని తల వెనక్కి ఆనించింది.

నా కళ్ల ముందు, ఆమెకూ నాకూ నడుమ, ఉత్త గాలి.

అతను తల తిప్పి నన్ను చూశాడు.

బస్వరాజ్ నన్ను చూస్తే బజారులో అంత దూరం నుంచే చేయి ఎత్తి "భాయ్" అనేవాడు. ఇతను చేయి ఎత్తలేదు. నేనెవరో ఎన్నడూ చూడనట్టు, కొత్తగా చూశాడు. తర్వాత పళ్లు కనబడేలా నవ్వాడు...

పావుగంట చీకటి తయారుచేసింది నేను. ఆ చీకట్లోకి వచ్చింది ఎవరు?

స్క్రీన్ వెలిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. గంటకు పైన అయింది. నేను పెట్టింది పావుగంటే. ఏ రోజు ఎంతసేపు నల్లగా ఉందో ప్రోగ్రాం రాసి పెట్టుకుంటుంది, అది తెరిచి చూశాను. మొదటి రెండు రోజులు పదిహేను నిమిషాలు. తర్వాత పంతొమ్మిది. ఇరవై ఆరు. నలభై ఒకటి... అలా పెరుగుతూ పోయింది. పెరగమని నేను అందులో ఒక్క అక్షరం రాయలేదు.

"ఇది తీసేస్తున్న చెల్లె," అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. కాళ్లా వేళ్లా పడుతుందనుకున్నాను.

ఆమె శాంతంగా తల ఊపింది. "తీసెయ్ అన్నా. ఆయనకు ఇగ అది అక్కర లేదంట."

తీసేశాను. రెండుసార్లు ఆపి ఆన్ చేసి చూశాను. తొమ్మిది సెకన్లు. ఒక ప్లేటు ఉప్మా తెప్పించి, తినేదాకా కూర్చున్నాను. తిన్నది. "నువ్వు నా సొంత అన్నలెక్క చేసినవు," అంది. చాలా రోజుల తర్వాత ఊపిరి పీల్చుకుని బయటికి వచ్చాను.

తెల్లారి ఏడింటికి వీరప్ప ఫోన్. "జల్దీ రా."

పోయేసరికి షట్టర్ ఎత్తి ఉంది. ఆ వీధి అంతటా కరెంటు లేదు, అర్ధరాత్రే పోయిందట. వీరప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి అడుగు పెట్టలేకపోతున్నాడు. నర్మద కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా కరెంటు లేని మానిటర్, నల్లగా. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. నాడి బాగానే ఉందన్నారు. దుఃఖం వల్ల ఇలా అవుతుందన్నారు. అయిదు నెలలైంది. వీరప్ప ఇంట్లో ఉంది. తినిపిస్తే తింటుంది, నడిపిస్తే నడుస్తుంది. కూర్చోబెట్టిన చోట కూర్చుంటుంది. స్టూడియో తాళం నా దగ్గరే ఉంది. తీసే ధైర్యం లేదు.

ఆ పొద్దున చూసింది ఒకటి నేను వీరప్పకు కూడా చెప్పలేదు. ఆమెను లేపడానికి వెనక నుంచి భుజం మీద చేయి వేశాను. భుజం వెచ్చగా ఉంది. ఊపిరి ఆడుతోంది, నా అరచేతికి తెలుస్తోంది. అప్పుడే ఎదురుగా ఉన్న నల్లటి మానిటర్ వైపు చూశాను. అందులో ఆకాశం పరదా ఉంది, గుమ్మంలో వీరప్ప ఉన్నాడు, నేను ఉన్నాను.

నా చేయి ఖాళీ కుర్చీ మీద ఉంది.