ఎర్ర కారుకు ముందు బ్రేకులు

ఘాట్ రోడ్డు మలుపులో బ్రేకు మీద కాలు వేసిన ఒక శాస్త్రవేత్త మళ్ళీ కాలు తీయలేదు. కారు రెయిలింగ్‌ను చీల్చుకుని లోయలో పడింది. పాత కారు, పాత బ్రేకులు, పాపం అనుకున్నారు అందరూ. ఒక్క ఆఫీసులో మాత్రం అలా అనుకోలేదు. అక్కడి నుంచి ఏజెంట్ పట్టాభికి కబురొచ్చింది.

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్న తెల్లజుట్టు పెద్దమనిషి పేపరు మడుస్తూ అడిగాడు.

"ఈ రైలు సముద్రం దాకా పోతుందా?"

"సముద్రం ఎండిపోయిందండీ. ఎల్బీనగర్ దాకానే."

కోడ్ సరిపోయింది. చీఫ్ రామమోహనరావు పక్కకు జరిగి చోటిచ్చాడు.

"చనిపోయినవాడు మన రాడార్ ప్రాజెక్టు మనిషి. ఆ డిజైన్ మొత్తం తెలిసినవాడు ఇక ఒక్కడే మిగిలాడు, డాక్టర్ మురళీకృష్ణ. ఇది 'ఆర్కిడ్' పని. విదేశీ ముఠా. యాక్సిడెంట్‌లా కనబడేలా చంపుతారు."

"ఆయనకు సెక్యూరిటీ ఉంది కదండీ?"

"ఆదివారం తప్ప. ఆదివారం పొద్దున రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు తీసి పెద్ద అంబర్‌పేట్ దాకా పోయొస్తాడు. ఆ కారు అరవైల నాటిది. గార్డులు వెంటబడితే కారే తీయడు. దానికి ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయి. నీ గ్యారేజీకే వస్తున్నాడు."

"ముందే చెప్పేస్తే పోదా?"

"చెబితే ఆర్కిడ్ మాయమవుతుంది. రెడ్‌హ్యాండెడ్‌గా దొరకాలి. ఇంకోటి. సూర్యప్రభ అని ఒకామె ఈమధ్యే కార్ల క్లబ్బులో ఆయనకు దగ్గరైంది. ఆర్కిడ్ మనిషి. జాగ్రత్త."

రైలొచ్చింది. చీఫ్ ఎక్కి వెళ్ళిపోయాడు. పట్టాభి ఆ బెంచీ మీదే ఇంకాసేపు కూర్చుండిపోయాడు. తన సొంత మాటలో మాట్లాడి ఎన్ని నెలలైందో గుర్తు రాలేదు. పుట్టింది రాజమండ్రిలో. ఇక్కడ మాత్రం అతను నల్లగొండ పల్లె నుంచి బతకడానికొచ్చిన మెకానిక్ నర్సింహ. ఎల్బీనగర్‌లో గ్యారేజీ, దిల్‌సుఖ్‌నగర్‌లో మేడ మీద కిరాయి గది.

మెట్లెక్కుతుంటే ఇంటావిడ ఇంద్రమ్మ ఆపింది.

"నర్సింహా, నీ తాన్కి చుట్టాలు ఎవ్వరు రారేంది? పండుగకు గూడ ఒక్కనివే ఉంటివి."

"అందరు ఎవల పరేషాన్ల వాళ్ళున్నరమ్మా."

గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల ఏ యాసలో మాట్లాడినా వినేవాళ్ళు లేరు.

మర్నాడు ఎర్ర కారు గ్యారేజీ ముందు ఆగింది. డాక్టర్ మురళీకృష్ణ దిగాడు. అరవై దాటిన సన్నటి మనిషి, మోచేతులకు అతుకులేసిన కోటు. పక్క సీటులోంచి సూర్యప్రభ దిగింది. నల్ల కళ్ళద్దాలు, జుట్టుకు కట్టిన పట్టు స్కార్ఫ్, చెవులకు పెద్ద జుంకాలు. పక్క షాపుల్లో పని కాసేపు ఆగిపోయింది.

ఆమె ఒక నీలం పెట్టె బల్ల మీద పెట్టింది. "రేసింగ్ ప్యాడ్స్. యూరప్ నుంచి తెప్పించాను. డాక్టర్ గారికి నా గిఫ్ట్."

పట్టాభి చొక్కా గుండీలోని కెమెరా ఆమె ముఖాన్ని, పెట్టెను ఫోటో తీసింది.

"సార్, రేసు ప్యాడ్లు బాగ వేడెక్కినంకనే పట్టుకుంటయ్," అన్నాడు పట్టాభి. "సల్లగున్నప్పుడు ఎంత తొక్కినా బండి ముంగటికే పోతది. మీరు నడిపేది రోడ్డు మీద. మెత్తటి లైనింగ్‌వే మంచిగుంటయ్. దుమ్ము జర ఎక్కువ పడతది గని, డిస్కును తినయ్."

"అవే వేయండి," అంది సూర్యప్రభ. గొంతు మృదువుగానే ఉంది, కళ్ళద్దాల వెనక ఏముందో తెలియలేదు.

డాక్టర్ ఇబ్బందిగా నవ్వాడు. "వేసెయ్ నర్సింహా. మా ఆవిడ పోయాక ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు. ఈవిడ కూర్చుంటున్నారు. మాట కాదనలేను."

వాళ్ళు వెళ్ళాక పట్టాభి షట్టర్ సగం దించాడు. నీలం పెట్టెలోంచి ఒక ప్యాడ్ తీసి బల్లకున్న వైస్‌లో బిగించి, హీట్ గన్‌తో వేడిగాలి కొట్టాడు. కాసేపటికి ఘాటైన వాసన వచ్చింది. స్క్రూడ్రైవర్‌తో తాకగానే లైనింగ్ మొత్తం ఇనుప ప్లేటు మీద నుంచి జారి కింద పడింది. వేడికి కరిగే జిగురు. నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు కొడితే ప్యాడ్ ఊడిపోతుంది, పిస్టన్ బయటికొచ్చేస్తుంది, ఆయిల్ కారిపోతుంది. తర్వాత పెడల్ నేల దాకా దిగుతుంది.

ఆ కారుకు సరిపోయే మంచి ప్యాడ్లు వెదకడమే పెద్ద పనైంది. స్పేర్ పార్టుల షాపులన్నీ తిరిగితే, ఎప్పుడో ఆగిపోయిన ఒక వ్యాన్ ప్యాడ్ల ఆకారం దాదాపు అదేనని తేలింది. మెత్తటి లైనింగ్‌వి ఎంచి, అంచులు ఆకురాయితో రుద్ది, వెనక ప్లేట్లకు ఆర్కిడ్ ప్యాడ్ల మీదున్న నీలం రంగే కొట్టాడు. ముందు చక్రాలు విప్పి, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ పిన్నులు లాగి, అరిగినవి బయటకు తీశాడు. పిస్టన్లను నిదానంగా వెనక్కి నెట్టాడు, పైన డబ్బాలో ఆయిల్ పొంగకుండా చూసుకుంటూ. కొత్తవి కూర్చోబెట్టి, పిన్నులు వేసి, పెడల్ గట్టిపడేదాకా తొక్కాడు. నిర్మానుష్యంగా ఉన్న సందులో మెల్లగా నడుపుతూ, ఆపుతూ, మళ్ళీ నడుపుతూ ప్యాడ్లు డిస్కుకు అలవాటుపడేలా చేశాడు. చివరగా ప్రతి నట్టు మీదుగా చక్రం దాకా సన్నటి పసుపు గీత గీశాడు. ఎవరైనా విప్పితే గీత తప్పుతుంది.

పక్క సీటు ఖాళీగా ఉన్న ఆ కారును నడుపుతుంటే, ఆదివారాలు ఆ పెద్దాయన ఎందుకు గార్డుల్ని వద్దంటాడో అతనికి అర్థమైంది. మనిషిని కాపలా కాసేవాళ్ళు ఉండటం, తోడు ఉండటం ఒకటి కాదు.

ఆదివారం పొద్దున. ఎల్బీనగర్ చౌరస్తా. పట్టాభి పికప్ వ్యాన్‌లో కూర్చున్నాడు. చెవిలో వినికిడి మిషన్‌లా కనబడే రేడియో. సిగ్నల్ దగ్గర ఎర్ర కారు పక్కనే ఆగింది. డాక్టర్ చెయ్యి ఊపాడు. పక్కన సూర్యప్రభ. కాస్త వెనగ్గా ఒక నల్ల కారు.

పట్టాభి చూపు చక్రం మీద పడింది. పసుపు గీతలు తప్పి ఉన్నాయి.

పచ్చ లైటు పడింది. కార్లు దూసుకుపోయాయి.

"సార్! రాత్రి డాక్టర్ గారి షెడ్డులో ఎవరో చక్రాలు విప్పారు. నా ప్యాడ్లు కనిపెట్టి మళ్ళీ వాళ్ళవే వేసుంటారు!"

"ఆ మాటే ఇప్పుడు ఇంకొకరు చెప్పారు," అన్నాడు చీఫ్. "జిగురు కాలిన వాసన వస్తోందట."

"ఎవరండీ?"

"సూర్యప్రభ. ఆమె మన మనిషి పట్టాభీ, మొదటి నుంచీ. ఆర్కిడ్‌లోకి మనమే పంపాం. జుంకాలో రేడియో ఉంది. ఆర్కిడ్ ఆమెను ఎల్బీనగర్‌లో దిగిపొమ్మంది. దిగలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ గురించి ఆమెకూ చెప్పలేదు. లైన్ కలుపుతున్నా."

పట్టాభి యాక్సిలరేటర్ తొక్కాడు. వ్యాన్ వనస్థలిపురం దాటింది. చెవిలో గాలి హోరు మధ్య ఆడగొంతు.

"హయత్‌నగర్ దగ్గర బస్సు అడ్డమొస్తే గట్టిగా బ్రేకు కొట్టారు. పెడల్ పోయింది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కోసేశారు. వెనక నల్ల కారు గుద్ది ముందుకు తోస్తోంది. మీరెవరు?"

"మెకానిక్‌నండీ. కంగారుపడకండి. డాక్టర్ గారిని గేరు తగ్గించమనండి. ఒక్కొక్కటిగా, ఒకేసారి కాదు. ఇంజను ఆపొద్దు, స్టీరింగ్ వదలొద్దు. నేను మీ ముందుకొస్తున్నాను."

"ముందుకొచ్చి?"

"నా బండికి బ్రేకులున్నాయి. మీకు ఇస్తాను."

రోడ్డు పెద్ద అంబర్‌పేట్ వైపు వాలుగా దిగుతోంది. కింద, రింగ్ రోడ్డు జంక్షన్‌లో, ఇనుప చువ్వల లోడుతో లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఆఖరి లారీ వెనక నుంచి చువ్వలు బారెడు పొడుచుకొచ్చాయి. పట్టాభి ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేసి, ఎర్ర కారు ముందుకు దూరి, దాని వేగానికి తన వేగం కలిపాడు. అద్దంలో డాక్టర్ ముఖం తెల్లకాగితంలా పాలిపోయి ఉంది. ఆమె ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి, ఇంకో చేత్తో జుంకా తీసి ఆయన చెవి దగ్గర పట్టుకుంది.

"తగలనివ్వండి. భయపడకండి. నేనున్నాను."

ఠంగుమని తగిలింది. బంపర్ వచ్చి పికప్ వెనక తలుపును అదుముకుంది. పట్టాభి బ్రేకును ప్రాణంలా పట్టుకుని తొక్కాడు, టైర్లు జారేంత గట్టిగా కాదు, ఆగనంత మెత్తగా కాదు. మూడు బండ్ల బరువు ఒక్క పెడల్ మీద. రబ్బరు కాలింది. చువ్వలు పెద్దవవుతూ వచ్చాయి. ఒక చువ్వ కొన ముందు అద్దాన్ని టక్కుమని తాకి, పగలగొట్టకుండా ఆగింది.

వెనక హారన్లు. చీఫ్ మనుషులు నల్ల కారును రెండు వైపులా అడ్డగించారు. డిక్కీ తెరిస్తే పట్టాభి వేసిన నీలం ప్యాడ్లు గోనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆర్కిడ్ మనుషులు చేతులెత్తారు.

డాక్టర్ దిగి పట్టాభి చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

"రేడియోలో విన్నా. నీ మాట మారిందేంటి నర్సింహా? గోదావరి వాళ్ళలా మాట్లాడావు."

"కంగారులో వచ్చేసిందండీ."

"వచ్చే ఆదివారం రా. పక్క సీటు నీదే."

"ఒస్త సార్," అన్నాడు పట్టాభి. రాలేనని ఇద్దరిలో ఒక్కడికే తెలుసు.

సూర్యప్రభ రోడ్డు పక్కన నిలబడి స్కార్ఫ్ విప్పుతోంది. కళ్ళద్దాలు తీసింది. నిద్రలేని మామూలు కళ్ళు.

"ఎందుకు దిగలేదు?" అడిగాడు.

"పాపం, ఆయన నా కోసం ఆ సీటు తుడిచి ఉంచారు," అంది. "మీ పేరు నర్సింహ కాదు కదా?"

"మీ పేరు సూర్యప్రభ అయితే నాది నర్సింహే."

ఆమె నవ్వింది. స్కార్ఫ్ మడిచి చేతికి చుట్టుకుంది. ఆఫీసు కారు వచ్చి ఆమెను తీసుకుపోయింది. అతని కోసం ఇంకో కారు, ఇంకో వైపు వెళ్ళేది, వచ్చింది. లోపల చీఫ్ ఉన్నాడు.

"గ్యారేజీ ఇవాళే మూసేస్తున్నాం. కొత్త పోస్టింగ్. కొత్త పేరు. ఈసారి నీకు పెళ్ళి కూడా అయింది."

పట్టాభి తల తిప్పాడు. "నిజంగానా అండీ? ఎవరు?"

"కాగితం మీదే. ఎవరైనా అడిగితే, పుట్టింట్లో ఉందని చెప్పు. నీ మీద అలిగి వెళ్ళింది."

"ఎందుకు అలిగిందట?"

చీఫ్ కిటికీలోంచి బయటకు చూశాడు.

"నువ్వు ఒక్క ఆదివారం కూడా ఇంటి పట్టున ఉండవట."