హెడ్ టేబుల్ మీద మృత్యువు

అవార్డుల డిన్నర్‌లో సూప్ ఇంకా రాకముందే బావ చనిపోయాడు.

ఎవరూ కేకలు పెట్టలేదు. స్టేజి మీద ఎవరికో షీల్డు ఇస్తున్నారు, హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలో ముందు వరస టేబుల్ దగ్గర ఒక మనిషి కుర్చీలోంచి పక్కకి ఒరిగాడు. ఈవెంట్ కంపెనీ వాళ్ళు వచ్చి, పూల తెరని కాస్త ముందుకు జరిపి, దాని చాటున అతన్ని వెనక గుమ్మంలోంచి తీసుకుపోయారు. ప్రోగ్రామ్ ఆగలేదు. ఐస్‌క్రీమ్ అనుకున్న టైముకే వచ్చింది. డాక్టరు గుండెపోటని రాసిచ్చాడు. బావ పిడికిలి విప్పితే అందులో తెల్ల నాప్‌కిన్ ఒకటి నలిగి ఉంది.

ఇన్సూరెన్స్ కంపెనీ మేనేజర్ వేషంలో అక్కడికి వెళ్ళిన బావ, నిజానికి కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో సీనియర్ ఏజెంట్. భార్య తమ్ముణ్ణి కూడా ఈ ఉద్యోగంలోకి లాగింది ఆయనే. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ "మా తమ్ముడు" అని పరిచయం చేసేవాడు. దాంతో అసలు పేరు ఫైల్లో ఉండిపోయి, చీఫ్ దగ్గర్నుంచి డ్రైవర్ దాకా అందరికీ అతను తమ్ముడైపోయాడు.

శుభలేఖలు అచ్చేసే ప్రెస్ వెనక గదిలో చీఫ్ తమ్ముడికి బ్రీఫింగ్ ఇచ్చాడు. మెషీన్ల చప్పుడుకి పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు కాబట్టే ఆ గదిని ఎంచుకున్నారు.

"గుండెపోటు కాదు. బొటనవేలి మీద ఆవగింజంత మచ్చ ఉంది. పాయిజన్," అన్నాడు చీఫ్.

"దేంతో పొడిచారు సార్?"

"తెలీదు. మనవాళ్ళు వెళ్ళేసరికి టేబుల్స్ ఎత్తేశారు, సామానంతా కడిగేశారు."

ఆ ఈవెంట్ కంపెనీలో ఫ్లోర్ మేనేజర్‌గా చేరమన్నాడు చీఫ్. కంపెనీ యజమానురాలు విదేశీ ముఠాకి పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకి సమాచారం ఇస్తోందట. డబుల్ ఏజెంట్. తర్వాతి గురి ఎవరో ఆవిడే చెబుతుందట. ఆవిణ్ణి నమ్మొచ్చా అని తమ్ముడు అడిగితే, నమ్మకపోతే మనకి ఇంకెవరున్నారని చీఫ్ ఎదురు అడిగాడు. మునిగేవాడు గడ్డిపోచ దొరికితే, ఆ పోచకి వేరుందా అని చూసుకోడు.

బయల్దేరే ముందు తమ్ముడు అక్కని చూడటానికి వెళ్ళాడు. గుండెపోటన్న మాట తప్ప ఆవిడకి ఇంకేమీ చెప్పకూడదని ఆర్డర్. అక్క బావ చొక్కాలు మడతపెడుతోంది. ఒక్కో చొక్కా అంచు మీదా చెయ్యి తుడిచిన మరక ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదట.

"ఆయన చేతిలో నాప్‌కిన్ ఉందన్నారు కదరా," అంది అక్క తలెత్తకుండా. "మీ బావ నాప్‌కిన్ వాడటం నువ్వెప్పుడైనా చూశావా?"

తమ్ముడు చూడలేదు. ఎంత పెద్ద హోటల్‌కి వెళ్ళినా ఆ మహానుభావుడికి చొక్కా అంచే తువ్వాలు. ఇంకాసేపటికి లేచొచ్చేశాడు. ఆ ప్రశ్న మాత్రం అతని వెంటే వచ్చింది.

కంపెనీలో అందరూ మేడమ్ అని పిలిచే ఆ యజమానురాలు అందగత్తె. యాభై దగ్గర పడుతున్నా హాల్లోకి నడిచొస్తే పెళ్ళికూతుర్లు కూడా ఒకసారి అద్దం చూసుకునేవారు. ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు తమ్ముడి పేరు అడగడానికి ముందే లేచొచ్చి అతని టై సరిచేసింది. అది ఆవిడ జబ్బు. వంకరగా ఉన్నదేదీ ఆవిడ కళ్ళు భరించలేవు. దారిన పోతూ కూడా పరాయివాళ్ళ గోడ మీది ఫోటోలు సర్ది వెళ్ళేది. టేబుల్స్ వేశాక వరస చూడటం ఆవిడే నేర్పింది. టేబుల్ చివర ఒంగి, ఒక కన్ను మూసి, గ్లాసులూ నాప్‌కిన్లూ దారం పట్టినట్టు ఉన్నాయో లేదో చూడాలి. ఒక్కటి వెంట్రుకవాసి పక్కకి జరిగినా మొత్తం మళ్ళీ సర్దించేది.

ఈ వృత్తి గూఢచారికి కుట్టించిన కోటులా సరిపోయింది. చెవిలో ఇయర్‌పీస్ పెట్టుకుని తనలో తాను మాట్లాడుకునేవాణ్ణి ఇక్కడ ఎవరూ అనుమానించరు. హెడ్‌సెట్‌లో మొదటి ఛానల్ మేడమ్‌ది, దొంగచాటుగా బిగించిన రెండోది చీఫ్‌ది. "కేక్ వచ్చింది" అంటే శత్రువు లోపలికొచ్చాడు. "ఐస్ కరుగుతోంది" అంటే ప్రాణం మీదికొచ్చింది. లోహాన్ని పసిగట్టే పెన్ను కూడా ఒకటిచ్చారు. స్పూన్లూ ఫోర్కులూ నిండిన హాల్లో అది ఆపకుండా వణుకుతుంటే తమ్ముడు దాన్ని ఆఫ్ చేసి, సంతకాలకి వాడుకున్నాడు.

పెళ్ళిళ్ళూ ప్రోడక్ట్ లాంచ్‌లూ ఎన్నో దాటాక మేడమ్ చీఫ్‌కి కబురు అందించింది. గురి ఒక రాడార్ ఇంజనీర్. అతను కట్టిన సిస్టమ్ అతని బుర్రలో తప్ప ఇంకెక్కడా పూర్తిగా లేదు. కూతురి వెడ్డింగ్ లంచ్‌లో, అందరి ముందూ, గుండెపోటులా కనిపించేలా అతన్ని చంపుతారు. చంపేది నెరిసిన గడ్డం వెయిటర్. సమాచారం అంత వివరంగా ఉండేసరికి చీఫ్ పొంగిపోయాడు. తమ్ముడికి ఎందుకో రుచించలేదు.

లంచ్ రోజు అతిథులు రాకముందే చీఫ్ మనుషులు ఆ వెయిటర్‌ని కిచెన్‌లో పట్టుకున్నారు. జేబుల్లో దొరికినవి షుగర్ బిళ్ళలు, మనవరాలి ఫోటో. ముసలాయన భయంతో ఏడుస్తున్నాడు.

"వాడు కాదు సార్. ఐస్ కరుగుతోంది," అన్నాడు తమ్ముడు హెడ్‌సెట్‌లో. "లంచ్ ఆపించండి."

"వాడే. ఇంకాసేపట్లో ఒప్పుకుంటాడు. నువ్వు నీ పని చూసుకో," అన్నాడు చీఫ్.

తమ్ముడు హాలు మధ్యలో నిలబడ్డాడు. గుమ్మం అవతల అతిథుల మాటలు వినిపిస్తున్నాయి. ఎదురుగా హెడ్ టేబుల్. తెల్ల క్లాత్ మీద వరసగా ప్లేట్లు, గ్లాసులు, నేమ్ కార్డులు, వెండి రింగుల్లో దూర్చిన నాప్‌కిన్లు, మధ్యలో పూలు. బావ ఇలాంటి టేబుల్ దగ్గరే పోయాడు. అమాయకుడైన ముసలాయన్ని చూపించింది మేడమే. చావు ఈ వస్తువుల్లోనే ఎక్కడో ఉందని తమ్ముడికి గట్టిగా అనిపించింది. కానీ ఎందులో? ఒక్కోటీ పట్టుకు చూస్తే ముందు పోయేది తనే. సెట్టింగ్ మొత్తం మార్చేద్దామంటే మేడమ్‌కి తెలిసిపోతుంది, ఆవిడ ఈ టేబుల్ వదిలి ఇంకో చోట ఇంకో దారి వెతుక్కుంటుంది. పాముని దులిపేస్తే పక్కింట్లో దూరినట్టు.

అప్పుడు అతనికి తన టై గుర్తొచ్చింది.

నడుస్తూ నడుస్తూ టేబుల్ క్లాత్ అంచు కాలికి తగిలినట్టు తూలి, క్లాత్‌ని ఒక్క లాగు లాగాడు. గ్లాసులు పడ్డాయి. పూలు వాలాయి. చక్కగా ఉన్నదల్లా ఒక్క క్షణంలో చిందరవందర అయింది. మేడమ్ హాలు ఆ చివర్నుంచి వచ్చింది. ఒక్క మాట తిట్టలేదు. చేతులు వాటంతటవే కదిలాయి. క్లాత్ లాగి, గ్లాసు నిలబెట్టి, ఫోర్కు తిప్పి, కార్డు సర్ది, ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకి సాగిపోయింది. తమ్ముడు ఆ చేతులనే చూశాడు. అన్నిటినీ ముట్టుకుంటోంది. తన ఆలోచన తప్పేమో అనుకున్నాడు.

"వెళ్ళి తలుపులు తియ్యి," అంది మేడమ్. గొంతు ఎప్పటిలాగే ఉంది.

తలుపులు తీశాడు. జనం గలగలమంటూ లోపలికొచ్చారు. ఇంజనీర్ కుటుంబం హెడ్ టేబుల్ వైపు నడిచింది. తమ్ముడు అలవాటు కొద్దీ టేబుల్ ఈ చివర ఒంగి, ఒక కన్ను మూసి వరస చూశాడు.

వరసలో ఒక్క నాప్‌కిన్ పక్కకి తిరిగి ఉంది. ఇంజనీర్ ప్లేటులోది.

ఆ ప్లేటు చుట్టూ ఫోర్కు సరిగ్గా ఉంది, గ్లాసు సరిగ్గా ఉంది, కార్డు సరిగ్గా ఉంది. గోడ మీది పరాయి ఫోటోని కూడా వదలని మనిషి ఆ నాప్‌కిన్‌ని మాత్రం వదిలేసింది. బావ పిడికిలి, అందులో నలిగిన తెల్లగుడ్డ అతని కళ్ళముందు మెదిలాయి. ఎవరైనా నాప్‌కిన్ తీసుకోవాలంటే ముందు పట్టుకునేది దాని రింగుని.

తలెత్తి చూస్తే ఆ కుర్చీలో కూర్చోబోతున్నది ఇంజనీర్ కాదు.

"నాన్నా, ఈ చివర కుర్చీ నాకియ్యి. ఈ గౌనుతో మధ్యలో ఇరుక్కుని కూర్చోలేను," అంటూ పెళ్ళికూతురు అందులో కూర్చుంది. తండ్రి నవ్వి పక్కకి జరిగాడు. పూల గోడ దగ్గర నిలబడ్డ మేడమ్ ఒక అడుగు ముందుకేసింది. ఆ పిల్ల గౌను నడుము దగ్గర పిన్నులు పెట్టి సరిచేసింది పొద్దున ఆవిడే. అడుగు వేసింది, ఆగిపోయింది. మళ్ళీ పూల గోడ దగ్గరికే వెళ్ళి నిలబడింది.

పెళ్ళికూతురు భర్తతో ఏదో చెబుతూ, చూడకుండానే నాప్‌కిన్ వైపు చెయ్యి చాపింది.

పరుగెత్తుతూ తమ్ముడు వెయిటర్ చేతిలోని ఐస్ నీళ్ళ జగ్గు లాక్కుని, మొత్తం ఆమె ఒళ్ళో గుమ్మరించాడు. ఆమె కెవ్వుమని రెండు చేతులూ పైకెత్తింది. రింగుకీ ఆమె వేలికీ మధ్య మిగిలింది జానెడు కూడా లేదు. తమ్ముడు ప్లేటుని నాప్‌కిన్‌తో సహా ఎత్తి గుండెకి దూరంగా పట్టుకున్నాడు.

"క్షమించండమ్మా," అన్నాడు. "వేరే నాప్‌కిన్ తెస్తాను."

పెళ్ళికొడుకు మేనమామ వచ్చి కాలర్ పట్టుకున్నాడు. ఇంజనీర్, జీవితంలో ఇంత చేతకాని మనిషిని చూడలేదన్నాడు. చెవిలో మొదటి ఛానల్ చిన్నగా గరగరమంది.

"నీ ఉద్యోగం పోయింది," అంది మేడమ్.

"మీది కూడా," అన్నాడు తమ్ముడు.

సర్వీస్ కారిడార్‌లో చీఫ్ మనుషులు ఆవిణ్ణి ఆపారు. ఆవిడ పారిపోవాలని చూడలేదు. ప్లేటు మీద కప్పిన గిన్నెని చూసి, ఎలా తెలిసిందని అడిగింది. తమ్ముడు చెప్పాడు.

"రింగులోని సూదికి మూత తీశాక ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు," అంది. "అక్కడ నిలబడ్డంతసేపూ అదే కనిపిస్తోంది, వంకరగా."

"ఆ పిల్ల కూర్చోవడం కూడా కనిపించింది కదా."

ఆవిడ మళ్ళీ గిన్నె వైపు చూసింది.

"అవార్డుల డిన్నర్‌లో మా బావని, ఏం కనిపెట్టాడని చంపారు?" అన్నాడు తమ్ముడు.

మేడమ్ కాస్త ఆశ్చర్యంగా చూసింది. "ఆయన ఎవరో కూడా మాకు తెలీదు. ఆ రింగు పక్క కుర్చీలో ముసలాయన కోసం పెట్టాం. పాపం ఆయనకి చేతులు వణుకుతాయి, రింగు ఊడి రాలేదు. మీ బావ చొరవగా అందుకుని తీసిపెట్టాడు."

తమ్ముడు గోడకి ఆనుకున్నాడు. బావ శత్రువుని వెంటాడుతూ పోయాడనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒక ముసలాయనకి నాప్‌కిన్ తీసివ్వబోయి పోయాడు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. బయటికి తీసుకుపోతుంటే మేడమ్ అతని ముందు ఆగింది. సంకెళ్ళ చేతులు అలవాటుగా అతని టై వైపు లేచాయి. గార్డు వాటిని కిందికి నొక్కాడు.

మర్నాడు కిచెన్‌లో పట్టుకున్న వెయిటర్‌ని క్షమాపణతో ఇంటికి పంపారు. ఇంజనీర్‌కి ఎవరూ ఏమీ చెప్పలేదు. గౌను పాడుచేసిన ఫ్లోర్ మేనేజర్ మీద అతను కంప్లెయింట్ రాసిచ్చాడు. చీఫ్ దాన్ని ఫైల్లో భద్రంగా పెట్టాడు.

తమ్ముడు అక్క దగ్గరికి వెళ్ళాడు. చెప్పకూడదన్న ఆర్డర్ ఇంకా అలాగే ఉంది. టీ చల్లారేదాకా కూర్చుని, చివరికి చెప్పగలిగింది చెప్పాడు.

"బావ ఆ నాప్‌కిన్ తనకోసం తీసుకోలేదక్కా. పక్కనున్న పెద్దాయనకి ఇవ్వడానికి తీశాడు."

అక్క మడతపెట్టిన చొక్కా ఒకటి ఒళ్ళోకి తీసుకుని, అంచు మీది మరకని బొటనవేలితో తడిమింది.

"అనుకున్నాన్లే," అంది. "తనకైతే ఇది ఉంది కదా."