భూతద్దం కింద నీలమ్మ మెడ

"గంత సేపు సూసుడేంది సారూ? నా మెడ ఏమన్న పంచాంగమా?"

నారాయణఖేడ్ బస్ డిపో ఎదుట కొత్తగా దవాఖాన తెరిచిన డాక్టర్ సంగప్ప భూతద్దం దించలేదు. తెల్లమచ్చ కనిపిస్తే చాలు, బొల్లి అని బెదిరిపోయే రోజులవి. జాకెట్లు కుట్టే నీలమ్మకు మెడ మీది ఈ మచ్చ వల్లే ఒక సంబంధం తప్పిపోయింది. పక్కనే నానమ్మ హన్మమ్మ పాన్ నములుతూ బోరంచ పోచమ్మకు మొక్కుకుంటోంది.

"బొల్లి కాదు, సిబ్బెం. చెమటకు లేసే మచ్చ," అన్నాడు సంగప్ప.

"ఎట్ల చెప్తవు? రెండూ తెల్లగనే ఉంటయి."

సంగప్ప తటపటాయించాడు. మండుటెండలో కూడా విప్పని ఫుల్ షర్టు చేతి గుండీ విప్పి, మోచేతి పైదాకా మడిచాడు. భూతద్దం ఆమె చేతికిచ్చాడు.

"గిది బొల్లి. నున్నగుంది, వెంట్రుకలు గూడ తెల్లబడ్డయి. నీ మచ్చ గీకితే సన్నగ పొట్టు లేస్తుంది. నీది మందుకు పోతది."

"మరి నీది?"

"పోదేమో."

"అంటుతదా బిడ్డా?" అంది హన్మమ్మ.

"అంటదు అవ్వా."

నీలమ్మకు మాత్రం భూతద్దం తిరిగివ్వడానికి చాలాసేపు పట్టింది.

మందు పనిచేసింది. రోగం కుదిరిందని దిగులుపడ్డ డాక్టరు ఆ తాలూకాలో సంగప్ప ఒక్కడే. ఆమె మళ్ళీ ఎందుకొస్తుంది?

వచ్చింది. ముసురు పట్టిన సాయంత్రం, కొంగు కప్పుకుని, మెడ మీద కొత్త మచ్చతో.

సంగప్ప వంగి చూశాడు. పొట్టు లేదు. వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి. వాటి మధ్య తెల్లటి పలుకులు, అంచున ఒక వేలిముద్ర.

"సిబ్బెం కాదు. బొల్లి గూడ కాదు."

"మరేంది?"

"సున్నం. మండుతలేదా?"

"మండుతుంది. జల్దీ సూస్తవనుకున్న."

సంగప్ప తడి దూదితో సున్నం తుడిచాడు. డాక్టరు పరీక్ష పాసైనప్పుడు కూడా అతనికి ఇంత సంతోషం కలగలేదు.

"నా మచ్చ పోదు నీలమ్మా. ఇంకింత పాకుతదేమో. నలుగురు నాలుగు మాటలంటరు."

"అననియ్యి. మొగోళ్ల బట్టలు నేనెన్నడు కుట్టలే. నీకు హాఫ్ షర్టు కుడుత. చెయ్యి సాపు."

గుమ్మంలోంచి హన్మమ్మ గొంతు వినిపించింది. "నా సున్నం డబ్బ ఊడ్సి పెట్టింది గీ పోరి. ఒట్టి ఆకు నములుతున్న. జల్దీ ముహూర్తం పెట్టుండ్రి."

పెళ్లినాడు సంగప్ప ఆ హాఫ్ షర్టే వేసుకున్నాడు. ఒక చెయ్యి రెండోదానికన్నా పొట్టిగా వచ్చింది. మచ్చ ఉన్న చెయ్యే. కొలత తప్పిందని నీలమ్మ అంది గానీ, హన్మమ్మ నమ్మలేదు.