చూసినవాళ్లలో ఒక పేరు

"ఏటండీ, మా అమ్మ మీకు అమ్మమ్మలాగ కనబడిందేటి?"

రాగిపిండితో పోసిన చోడట్టు ముక్క నోటిదాకా తీసుకెళ్లిన ప్రద్యుమ్న అలాగే ఆగిపోయాడు. ఎదురుగా అట్లకాడ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి కళ్లు పెనం కన్నా వేడిగా ఉన్నాయి.

"అదీ... నేను..."

"మీరే కదా ఇన్‌స్టాలో పెట్టినారు? 'బొబ్బిలిలో ఈ అమ్మమ్మ చేతి చోడట్టు తినకపోతే జన్మ వృథా' అని? వచ్చినోళ్లందరూ 'అమ్మమ్మా, రెండట్లు' అంతన్నారు. మా అమ్మ అద్దం ముందు నుంచి లెగనంతాది."

బస్ కాంప్లెక్స్ ఎదురుగా ధనలక్ష్మి నడిపే టిఫిన్ బండి అది. అట్లకాడ పట్టుకున్నది ఆవిడ కూతురు ఝాన్సీ. ప్రద్యుమ్నది గరివిడి. అక్కడ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. ఆదివారం వస్తే చాలు, ఊళ్లు తిరిగి తిండి వీడియోలు తీస్తాడు.

"క్షమించండి. వీడియో ఇప్పుడే తీసేస్తాను."

"తీసేస్తే ఎలాగండీ? జనం వస్తన్నారు కదా!"

"మరి ఏం చెయ్యమంటారు?"

ఝాన్సీ ఒక్క క్షణం ఆలోచించింది. "మా బండికి సొంతంగా ఓ పేజీ పెట్టండి. అందులో మా అమ్మని అమ్మే అనండి."

అలా మొదలయ్యాయి ఆదివారాలు.

రాజాం మీదుగా వచ్చే బస్సు దిగి, అతను తిన్నగా బండి దగ్గరకే వచ్చేవాడు. ఫోన్ నిలువుగా పట్టుకోవాలన్నాడు. మాటలు తగ్గించి, పెనం మీద పిండి పడిన చప్పుడు వినిపించాలన్నాడు. ఝాన్సీ అన్నిటికీ ఎదురు చెప్పేది, ఇంటికెళ్లాక అన్నీ అతను చెప్పినట్టే చేసేది.

ఒకరోజు వాన ఉన్నట్టుండి విరుచుకుపడింది. అతను ఫోన్ జేబులో పడేసి, స్టవ్వు మీదకి టార్పాలిన్ లాగి, దాని అంచు పట్టుకుని తడుస్తూ నిలబడ్డాడు. ఝాన్సీకి నవ్వాగలేదు.

"ఫోన్ తియ్యండి. ఈ వాన రీల్‌కి పనికొస్తాది."

"పనికొస్తాదేటి?" ఆమె యాసలోనే అడిగాడు.

"వెక్కిరిస్తన్నారా?"

"లేదండీ. నేర్చుకుంతన్నాను."

అతని జుట్టు నుంచి కారే చినుకుల్ని చూస్తూ ఆమె అట్టు తిరగెయ్యడం మరిచిపోయింది. ఆ రోజు మాడిన అట్టు అతనే తిన్నాడు, బాగుందన్నాడు కూడా.

మరో ఆదివారం ఝాన్సీ మేనత్త సుభద్రమ్మ వచ్చింది. బండి పక్కన బల్ల మీద కూర్చుని, ఎవరు వింటున్నారో చూసుకోకుండా, కొడుకు గురించి ధనలక్ష్మితో గట్టిగా అంది. "మా చినబాబు కోసమే కదే దీన్ని అట్టేపెట్టినాం!"

ఝాన్సీ ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న సరసం అది. నవ్వేసి అట్టు తిరగేసింది. ఇటు తిరిగేసరికి ప్రద్యుమ్న ప్లేటు సగంలో ఉంది, మనిషి లేడు.

సాయంత్రానికి మెసేజ్ వచ్చింది. "పేజీ నడపడం మీకు వచ్చేసింది. ఇక నా అవసరం లేదు. ఆల్ ది బెస్ట్."

'అవసరం ఉన్నాది' అని టైప్ చేసింది ఝాన్సీ. చెరిపేసింది. అంత తేలిగ్గా వెళ్లిపోయిన మనిషికి అంతకన్నా తేలిగ్గా జవాబివ్వాలనిపించి, ఒక బొటనవేలు బొమ్మ పంపింది. ఆ బొటనవేలుని తల్చుకుని ఆ తర్వాత తనని తాను ఎంత తిట్టుకుందో!

అతను మళ్లీ రాలేదు. కానీ ఆమె పొద్దున్నే స్టోరీ పెట్టడమే తడవు, చూసినవాళ్ల పేర్లలో అతని పేరు ఉండేది. ఒక మాట లేదు, ఒక గుర్తు లేదు, ఉత్త పేరు. ఆ పేరు కోసమే మంచు కమ్మిన రోడ్డు చూపించేది. తొలి అట్టు చూపించేది. అతనికి నచ్చిన నీలం చున్నీ అంచు, చూసీ చూడనట్టు, ఫ్రేములోకి వచ్చేది. పేజీ పెరిగింది. పెళ్లిళ్లకి ఆర్డర్లు వచ్చాయి. బండి పక్కన వాళ్లదే ఇంకో బండి వెలిసింది. ఊరంతా ఆమె పేజీ చూస్తోంటే, ఆమె మాత్రం ఒక్క పేరు కోసం చూసేది.

ఒక ఉదయం ఆ పేరు లేదు. మర్నాడూ లేదు.

"ఏటే, పిండిలో ఉప్పు మళ్లీ వేస్తన్నావు?" అంది ధనలక్ష్మి.

"రాజాం వెళ్లొస్తానమ్మా. చోడిపిండి అక్కడ మంచిది దొరుకుతాదంట."

రాజాంలో బస్సు ఆగింది. ఝాన్సీ దిగలేదు.

గరివిడి స్టేషన్ వెనక, పిల్లలకి సంగీతం చెప్పే జ్ఞానాంబ గారిల్లు ఎవరినడిగినా చెప్పారు. ప్రద్యుమ్న మాటల్లో ఎప్పుడూ వచ్చే నాయనమ్మ ఆవిడ. తలుపు మాత్రం అతనే తీశాడు. గడ్డం పెరిగి ఉంది. ఒంట్లో బాగానే ఉన్నట్టుంది. దారి పొడుగునా పడ్డ భయమంతా ఆమెకి ఒక్కసారిగా కోపమైపోయింది.

"స్టోరీలు సూడ్డం మానేసినారేటి?"

"యాప్ తీసేశాను."

"ఎందుకు?"

"చూసిన ప్రతి పొద్దునా బొబ్బిలి బస్సు ఎక్కేద్దామనిపించేది. ఇంకొకరికి భార్య కాబోయే మనిషిని అలా చూడ్డం తప్పు కదండీ."

"ఎవరికి భార్య?"

"చినబాబు గారికి."

"ఆడికి పార్వతీపురం పిల్లతో వచ్చే నెల పెళ్లి! ఏరికోరి సేసుకుంతన్నాడు. మా అత్త నేను ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ ఆ మాటే అంతాది."

"మీరు నవ్వారు కదా."

"నవ్వితే ఒప్పుకున్నట్టేటి? అడగలేరా?"

"మీరు బొటనవేలు పంపారు!"

"మీరు ఆల్ ది బెస్ట్ అన్నారు!"

లోపల ఎవరో పిల్ల స్వరం తప్పుతోంది, ఎవరూ దిద్దడం లేదు.

ఝాన్సీ గొంతు తగ్గింది. "అవసరం ఉన్నాది అని ఆ రోజే రాసినాను. పంపలేదు. పేజీకి కాదండీ. నాకు."

ప్రద్యుమ్న కళ్లు చెమ్మగిల్లాయి. "నాకూ ఉంది ఝాన్సీ. ఎంత ఉందో చెప్పడం చేతకాకే పారిపోయాను."

"ఒరే," లోపలి నుంచి జ్ఞానాంబ గొంతు వినిపించింది, "ఆ అమ్మాయిని గుమ్మంలో నిలబెట్టి ఎంతసేపురా? ఇన్నాళ్లూ ముద్ద దిగనివ్వని మనిషేనా? లోపలికి రమ్మను, నేనూ చూస్తాను."

సరిగ్గా అప్పుడే ఝాన్సీ ఫోన్ మోగింది. ధనలక్ష్మి.

"పిండి దొరికిందేటే?"

"ఆ... దొరికిందమ్మా."

"నువ్వు రాజాంలో దిగనేదని కండక్టర్ గంగులు ఫోన్ సేసినాడు. ఆ బాబు బాగున్నాడా?"

"బాగున్నారమ్మా," అంది ఝాన్సీ, చున్నీతో కళ్లు తుడుచుకుంటూ.

"ఏడుస్తన్నావేటి? ఫోను ఆ బాబుకియ్యి."

ప్రద్యుమ్న అందుకున్నాడు. అవతలి మాటలు ఝాన్సీకీ వినపడుతూనే ఉన్నాయి. "బాబూ, అలిగితే ఇంటికొచ్చి అలగాలి గానీ, అలా మాయమైపోతారేటి? దీన్ని సూళ్లేక సస్తన్నాను. ఆదివారం రండి. మీ నాయనమ్మ గార్ని కూడా తీసుకు రండి. పెద్దోళ్లం మాట్లాడుకోవాల."

"వస్తామండీ," అన్నాడు.

"నా ఫోను," అంది ఝాన్సీ, చెయ్యి చాచి.

ఫోను ఇచ్చాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.