నత్త నడిపిన లిఫ్ట్

పొద్దున్నే బల్ల దగ్గర నలుగురూ కూర్చున్నారు. నీళ్ల సీసా అన్నయ్య మోచేతి పక్కనే ఉంది.

"అమ్మా, ఆయన్ని ఆ సీసా ఇటివ్వమను," అంది నత్త.

"పక్కనే ఉన్నాడు కదే! నువ్వే అడిగితే నోరు అరిగిపోతుందా?" అంటూనే తల్లి సీసా అందుకుని కూతురి ముందు పెట్టింది. పదకొండు నెలలుగా ఆ ఇంట్లో నీళ్లూ, ఉప్పూ, కబుర్లూ అన్నీ ఆవిడ చేతుల మీదుగానే అన్నాచెల్లెళ్ల మధ్య తిరుగుతున్నాయి. ఆవిడకి చేతులూ నొప్పే, మనసూ నొప్పే.

నత్త అన్నది అన్నయ్య పెట్టిన పేరు. చిన్నప్పుడు సాయంత్రాలు తండ్రి ఇద్దర్నీ నడకకి తీసుకెళ్లేవాడు. గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకేసారి బయలుదేరాలి. అన్నయ్య గుర్రంలా ముందు, ఆమె ఎక్కడో వెనక. కాసేపటికి తండ్రి విజిల్ ఊదేవాడు. ఊదగానే ఎక్కడివాళ్లక్కడ వెనక్కి తిరిగి, వచ్చిన వేగంతోనే ఇంటికి నడవాలి. ముందు పోయినవాడికి దూరం ఎక్కువ, వెనకబడినదానికి తక్కువ. ఇద్దరూ గుమ్మం దగ్గరికి ఒక్కసారే చేరేవాళ్లు. నేను గెలిచానంటే నేను గెలిచానని పిల్లలు కొట్టుకోకుండా, లిఫ్ట్ మెకానిక్ అయిన ఆ తండ్రి కనిపెట్టిన ఆట అది.

ఆ ఆటే పెద్దయ్యాక ఆమెకి పనికొచ్చింది. అన్నయ్య ల్యాబులో అన్నాచెల్లెళ్లిద్దరూ పనిచేసేది కంటికి కనపడని ఒక చుక్క మీద. క్వాంటమ్ డాట్ అంటారు. దాంట్లో ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ని బంధించి, దాని స్పిన్, అంటే లోపలుండే చిన్న అయస్కాంతపు ముల్లు లాంటిది, ఒక పద్ధతిలో తిరిగేలా చేస్తారు. ఆ తిరుగుడు తప్పకుండా ఎంతసేపు నిలిస్తే రేపటి కంప్యూటర్‌కి అంత మేలు. కానీ అది మహా పిరికిది. చుట్టుపక్కల అయస్కాంత బలం కాస్త అటూఇటూ అయినా దారి తప్పుతుంది. మధ్యలో దాన్ని వెనక్కి తిప్పితే తప్పిన దారి తనంతట తనే సర్దుకుంటుందన్నది లోకానికి తెలిసిన ఉపాయమే. అయితే తమ చుక్కలో దాన్ని ఎన్నిసార్లు, ఎంతెంత వ్యవధిలో తిప్పాలో లెక్క కట్టింది మాత్రం నత్త.

"ఇది నాన్న విజిల్ ఆట కదే! పిల్లలాట," అని అన్నయ్య నోటుబుక్కు బల్ల మీద పడేసి నవ్వాడు. ఆ తర్వాత నెలకి వాళ్ల పేపరు అచ్చయింది. అందులో పద్నాలుగు నెలలు కూర్చుని ఆమె తీసిన కొలతలున్నాయి. ఆమె పేరు లేదు.

అడిగితే, "ల్యాబు నాది, ఆలోచన నాది. మీటలు నొక్కినవాళ్ల పేర్లన్నీ వేస్తారా?" అన్నాడు. ఆ రోజే ఆమె ల్యాబు వదిలి అదే భవనంలో ఐదో అంతస్తులోని పరికరాల స్టోరులో చేరింది. ఊరికే చేరలేదు. సమయం కోసం కాచుక్కూర్చుంది.

ఆ సమయం ఇవాళ వచ్చింది. పదకొండింటికి సంస్థ పెద్దలు వచ్చి అన్నయ్య ప్రయోగాన్ని కళ్లముందు నడిపించి చూస్తారు. బాగుంటే ల్యాబు అతనికి శాశ్వతం. మూడో అంతస్తు ల్యాబు గోడ వెనకే లిఫ్ట్. దాని ఇనపబరువు పక్కనుంచి పోయిందంటే అయస్కాంత బలం చెదిరి, ఎలక్ట్రాన్ బెదిరి, తెర మీద గీత కుప్పకూలుతుంది. అందుకే కొలతలు తీసేటప్పుడల్లా, ఆ భవనంలోనే పనిచేసే తండ్రి లిఫ్ట్‌ని కింద ఆపి, తాళం వేసి, ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాడు.

తండ్రి చొక్కా జేబు తడుముకున్నాడు. ఇంకో జేబూ తడుముకున్నాడు. కూతురి వైపు ఒకసారి చూసి, టీ తాగేశాడు.

నిన్న సాయంత్రమే ఆయన లిఫ్ట్ ఆపి తాళం వేసొచ్చాడు. ఆ తాళంచెవి అప్పటికే నత్త సంచిలో ఉంది.

పదకొండుంపావుకి ఆమె ఐదో అంతస్తులో లిఫ్ట్ పక్కనున్న తాళం తిప్పి మీట నొక్కింది. కింద నుంచి లిఫ్ట్ మూలుగుతూ పైకొచ్చింది. ఎక్కి, రెండో అంతస్తు దాకా కిందికి నడిపింది. మళ్లీ పైకి. మూడో అంతస్తు దాటినప్పుడల్లా ఆమె పళ్ల బిగువున లెక్కపెట్టుకుంది. ఒకటి, నా పద్నాలుగు నెలలకి. రెండు, ఆ నవ్వుకి. మూడు, మీటలు నొక్కినవాళ్లన్న మాటకి. ఆరుసార్లు నడిపింది. ఆ తర్వాత, వాడి మొహం కళ్లారా చూడాలని ల్యాబు గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

తెర మీద గీత నిక్షేపంలా ఉంది.

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తెర మూలన వరుసగా ఎనిమిది తిప్పుళ్లు, వాటి మధ్య వ్యవధులు కనిపించాయి. అవి ఆమె నోటుబుక్కులోవే. లిఫ్ట్‌లా నిదానంగా వచ్చే కుదుపుని తుడిచేయడానికే కదా తను ఆ లెక్క కట్టింది! అన్నయ్య దాన్ని వాడతాడని కలలో కూడా అనుకోలేదు. తన లెక్కే తన పగకి అడ్డం పడింది. 'ఇదీ దొంగిలించాడా!' అక్కడే, అందరి ముందే అరిచేద్దామని నోరు తెరిచింది.

ఈలోగా వెనక నుంచి భవనం మేనేజరు గొంతు వినిపించింది.

"ఆపి ఉంచమన్న లిఫ్ట్ ఎవరు నడిపారయ్యా? ఉద్యోగం చెయ్యాలని లేదా నీకు?"

మూడంతస్తులు మెట్లెక్కి వచ్చిన తండ్రి గోడ పట్టుకుని రొప్పుతున్నాడు. "నేనేనండి. తాళం నా దగ్గరే కదా ఉండేది. నా పొరపాటే."

నత్త గుప్పిట్లో తాళంచెవి చర్మానికి గుచ్చుకుంది. పదకొండు నెలలు నూరిన పగ ఇప్పుడు ఎవరి మెడ మీద పడిందో ఆమెకి కనపడింది.

"నాన్న కాదు," అంది. తాళంచెవి ఎత్తి చూపింది. "ఆరుసార్లూ నేనే నడిపాను. పొరపాటున కూడా కాదు. ఇతని ప్రయోగం చెడగొడదామనే నడిపాను."

వచ్చినవాళ్లలో పెద్దావిడ కళ్లజోడు తీసింది. "ఆరుసార్లు లిఫ్ట్ తిరిగితే ఇది ఎలా చెదరలేదు?" అని అన్నయ్యని అడిగింది.

అన్నయ్య చెల్లెల్ని చూశాడు, తండ్రిని చూశాడు. 'మేమే సాధించాం' అంటే సరిపోయేది.

"ఆ లెక్క ఈమెదండి," అన్నాడు చివరికి. "పిల్లలాటని నవ్వాను. పోయినవారం ఏం చేసినా గీత నిలబడకపోతే ఆ నోటుబుక్కే తెరిచాను. అచ్చయిన పేపర్లో కొలతలూ ఈమెవే. పేరు నేనే కొట్టేశాను. నాకంటే ముందు పోతుందేమోనని భయమేసింది."

"ఆ పేపరు సరిదిద్దాకే ల్యాబు సంగతి మాట్లాడదాం," అంది పెద్దావిడ. "మీరూ తప్పించుకోలేరమ్మా. ప్రయోగం చెడగొట్టబోయినందుకు సంజాయిషీ రాసివ్వాలి."

సాయంత్రం ముగ్గురూ మెట్లమీదుగానే దిగారు.

"నన్ను నాశనం చేద్దామనుకున్నావా?" అడిగాడు అన్నయ్య.

"అవును."

"ఇంకా కోపముందా?"

"బోలెడు. పేపర్లో నా పేరు చూసేదాకా ఉంటుంది."

"రాత్రికే ఉత్తరం రాస్తా. పంపేముందు నువ్వే చదువు."

వెనక నెమ్మదిగా దిగుతున్న తండ్రి, "తాళంచెవి ఇలా ఇయ్యమ్మా," అన్నాడు. "పొద్దున్న అడుగుదామనుకున్నా. నువ్వే ఇస్తావేమోనని ఊరుకున్నా." ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి ఆయన మోకాళ్లకి మొహం ఆనించి బావురుమంది. అన్నయ్య అప్పటికే రెండు మెట్లు కిందకి పోయాడు. వెనక్కి తిరిగి, ఎక్కి వచ్చి, పక్కన కూర్చున్నాడు.

భోజనాల దగ్గర నీళ్ల సీసా మళ్లీ అతని మోచేతి పక్కనే ఉంది. కూతురు తలెత్తేసరికి, అలవాటు కొద్దీ తల్లి చెయ్యి చాచింది.

"అన్నయ్యా, ఆ సీసా ఇటియ్యి," అంది నత్త.

తల్లి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కాసేపటికి ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంది.