సెల్లారు పెట్టెలో పెద్దాయన

ఆ ఆస్పత్రి సెల్లారులో ఒక ఏసీ గది ఉంది. దాని పేరెత్తితే చాలు, నైట్ డ్యూటీ వాళ్ళు మాట మార్చేస్తారు. ఇన్‌ఛార్జి పెద్దాయన అక్కడి కుర్చీలోనే గుండె ఆగి పోయాడట. పోయినా డ్యూటీ మాత్రం మానలేదని చెప్పుకుంటారు...

మా చిన్నల్లుడు పనిచేసేది ఆ గదిలోనే. అతను చెప్పింది చెప్పినట్టు చెబుతా, వినండి.

ఆ గదిలో ఒక పెట్టె ఉంటుంది. స్విచ్ అంటారు. లైటు స్విచ్ కాదండోయ్, మొదట నేనూ అదే అనుకున్నా! ఆస్పత్రిలో కంప్యూటర్లన్నీ దాని ద్వారానే మాట్లాడుకుంటాయి. దాన్ని సరిచేయాలంటే పాస్‌వర్డు కొట్టి లోపలికెళ్ళాలి. నెట్ మీద దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఒకేసారి ఐదుగురికే చోటు. పక్కనే నిలబడి తీగ గుచ్చుకునేవాడికి వేరే దారి.

ఒక రాత్రి — స్కానింగ్ బొమ్మలు ఆపరేషన్ గదికి వెళ్ళడం ఆగిపోయింది. బల్ల మీద ఒక చిన్నపిల్ల. బొమ్మ చూడందే డాక్టరు కత్తి పెట్టడు. అల్లుడు పైన ఆపరేషన్ గది బయటే ఉన్నాడు; వరసగా రెండో డ్యూటీ, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆ రిపేరు తెలిసిన సీనియరేమో వేరే ఊళ్ళో, ఫోన్లో ఉన్నాడు.

"నన్ను లోపలికి రానివ్వట్లేదురా! ఐదు చోట్లూ నిండిపోయాయంటోంది. ఎవర్రా అంతమంది?"

"ఇక్కడ నేనొక్కణ్ణే అన్నా..."

"అయితే కిందికెళ్ళి చూడు."

వెళ్ళాడు. తీగ గుచ్చి, లోపల ఎవరున్నారని అడిగాడు. ఐదు వరసలొచ్చాయి. ఐదింటి పక్కనా ఒకటే పేరు —

పోయిన పెద్దాయనది.

దణ్ణం పెట్టుకుని ఒకర్ని గెంటేశాడు. చోటు ఖాళీ అయింది... సీనియరు పాస్‌వర్డు కొట్టేలోపే — మళ్ళీ పెద్దాయన!

"అన్నా," గుసగుసలాడాడు, "సారు తిరిగొచ్చారు."

"వచ్చి ఏం చేస్తున్నాడు?"

"ఏం లేదు. ఊరికే కూర్చున్నారు."

"బతికున్నప్పుడూ అంతేగా! ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడు ముందు."

అది కూడా అంకెల్లో రాసుంటుందట. చూస్తే... పెద్దాయన ఇంటి నుంచే! అల్లుడు అక్కడికి ఫోను చేశాడు. ఒంటరిగా ఉంటున్న అమ్మగారు, పెద్దాయన భార్య, వెంటనే ఎత్తింది.

"సారు గదిలో కంప్యూటరు ఆన్‌లో ఉందా అమ్మా?"

"ఆయన పోయినప్పటి నుంచీ ఆపలేదు బాబూ. అది గుర్రుమంటుంటే... మనిషి ఉన్నట్టే ఉంటుంది. ఆ చప్పుడుకే కాస్త నిద్ర పడుతోంది."

అదండీ దెయ్యం! పెట్టె బాగుందో లేదో చూసి రమ్మని పెద్దాయన తన కంప్యూటరుకి పని అప్పజెప్పాడు. ఆ సాయంత్రం ఇంట్లో నెట్ తెగి వచ్చినప్పుడల్లా, పాత చోటు ఖాళీ కాకుండానే అది కొత్తగా వచ్చి కూర్చుంది. పనిలేకుండా కూర్చున్నవాళ్ళని కాసేపటికి పెట్టె తనంతట తనే పంపించెయ్యాలి. కానీ మాటిమాటికీ పాస్‌వర్డు కొట్టడం విసుగని, ఆ గడువు కాస్తా ఆయనే తీసేశాడు.

"ఆపెయ్యమంటావా?" ఆవిడ మెల్లగా అడిగింది.

అల్లుడు కళ్ళు నులుముకున్నాడు. పైన డాక్టరు ఎదురుచూస్తున్నాడు...

"వద్దులెండమ్మా. ఉండనివ్వండి. నేనిక్కడ చూసుకుంటా."

పెట్టెలోంచి పెద్దాయన పేరు తీసేసి, ఐదుగుర్నీ గెంటేశాడు. సీనియరు లోపలికొచ్చాడు. బొమ్మలు పైకెళ్ళాయి. పిల్ల బతికింది.

ఇప్పటికీ ఆ పెట్టె "పెద్దాయన పేరుతో ఎవరో తలుపు కొట్టారు, రానివ్వలేదు" అని రాత్రంతా చెబుతూనే ఉంటుందట. అల్లుడు పట్టించుకోడు.

ఒక్క రాత్రి మాత్రం... కొట్టడం ఆగిపోయింది.

అమ్మగారికేమైనా అయిందేమోనని అల్లుడు లేచాడు. ఫోను చేశాడు. మోగింది... మోగుతూనే ఉంది...

"కరెంటు పోయింది బాబూ," అంది అమ్మగారు. "నీకూ నిద్ర పట్టట్లేదా?"